గురువారం బట్టలు

గురువారం నాడు ఆ నీలం బకెట్లో బట్టలు ఉండకూడదు.

మా ఇంట్లో బట్టలుతికే మిషను ఉంది. మా ఆయన చొక్కాలు, అత్తయ్య బట్టలు, దుప్పట్లు, తువ్వాళ్ళు అన్నీ అందులోనే వేస్తాను. ఆయన మందు చల్లేటప్పుడు వేసుకునే ప్యాంటూ పొడుగు చేతుల కోటూ మాత్రం అందులో వేయకూడదు. వాటికని పెరట్లో ఒక నీలం బకెట్ ఉంది. పెళ్ళైన కొత్తలో అత్తయ్య నాకు అప్పగించిన మొదటి పని అదే. "వాడి మందు బట్టలు మిగతావాటిలో కలిపేవు, ఆ పాడు వాసన అందరికీ పడుతుంది. విడిగా, చేత్తో ఉతుకు. మరీ కలపాల్సొస్తే నీవాటిలో కలుపుకో" అంది. మరి నా చేతులకో అని అడగాలని ఆ రోజు తోచలేదు. ఇరవై రెండేళ్ళదాన్ని, అత్తగారు చెప్పిన మొదటి పని బ్రహ్మాండంగా చేసి చూపించాలన్న ఉబలాటంలో ఉన్నాను. ఆ తర్వాతెప్పుడో చేతి తొడుగులు ఒక జత తెమ్మని అడిగితే మా ఆయన పగలబడి నవ్వాడు. "చల్లేవాణ్ణి నేను. నాకే ఏడాదికి ఒక్క జత ఇస్తారు. ఉతికేదానికి కూడానా?" అన్నాడు. నేనూ నవ్వాను. అప్పట్లో ఆయన నవ్వితే నవ్వాలనుకునేదాన్ని.

ఆయన సోమవారం సాయంత్రం చల్లుతాడు. ఆ రాత్రి బకెట్ నిండుతుంది, మంగళవారానికి ఖాళీ అవుతుంది. పదకొండేళ్ళుగా ఇంతే. అందుకే గురువారం సాయంత్రం పెరట్లో లైటు వేసి, బకెట్లో ముద్దగా పడున్న కోటు చూసి అక్కడే ఆగిపోయాను. వంగి వాసన చూశాను. చూడక్కర్లేదు, తెలుస్తూనే ఉంది, అయినా చూశాను.

మా ఇద్దరిదీ ఒకే చోట పని. ఊరి చివర మూడు గ్రీన్‌హౌస్‌లు, మూడింట్లోనూ క్యాప్సికం. ఆయన మందు చల్లేవాళ్ళకి పెద్ద. నేను మొదట్లో కాయలు కోసేదాన్ని. నాలుగేళ్ళ నుంచి ఆకులు చూసే మనిషిని. మెడలో భూతద్దం వేలాడేసుకుని, వరసకి ఇన్ని మొక్కలని, ప్రతి మొక్కలో మూడు ఆకులు తిప్పి అడుగున ఎన్ని పురుగులున్నాయో లెక్క రాయాలి. ఎక్కువగా ఉండేది పేనుబంక. పచ్చగా, మెత్తగా, గుంపులు గుంపులుగా ఆకు అడుగున చేరి రసం పీలుస్తుంది. దాని ఒంట్లోంచి కారిన జిగురుకి ఆకులు నూనె రాసినట్టు నిగనిగలాడతాయి. ఆ జిగురు మీద మసి కమ్ముతుంది, కాయ పనికిరాకుండా పోతుంది. మందు కొడితే చచ్చేది, ఇప్పుడు మందుకి కూడా అలవాటు పడిపోయింది. ఆయన మోతాదు పెంచుతాడు, అది నాలుగు రోజులు ముడుచుకుని కూర్చుని మళ్ళీ వస్తుంది. వాళ్ళిద్దరి కాపురం చూస్తూ నేను లెక్కలు రాస్తుంటాను.

ఈ మధ్య ఆకులు చూసేవాళ్ళందరినీ కూర్చోబెట్టి రెండు రోజులు పాఠాలు చెప్పారు. అక్కడే మొదటిసారి ఆ కందిరీగని చూశాను. తర్వాత వచ్చి కందిరీగ అని చెప్పగానే మా కోత పిల్లలు "కుడితే మొహం వాచిపోదూ!" అని అరిచారు గానీ, అది నువ్వుగింజంత కూడా ఉండదు, మనల్ని కుట్టడం దానికి చేతకాదు. అది పేనుబంక పురుగుని వెతుక్కుంటూ వచ్చి, తోక ముందుకి వంచి, ఒక్క పోటు పొడిచి దాని లోపల గుడ్డు పెట్టి వెళ్ళిపోతుంది. లోపల పిల్ల పురుగు పెరుగుతూ ఉంటుంది. వారం రోజులకి ఆ పేను ఉబ్బి, బంగారు రంగుకి తిరిగి, ఆకుకి అతుక్కుపోయి డొల్లవుతుంది. మరో వారానికి ఆ డొల్ల వీపున గుండ్రంగా మూత కోసుకుని కొత్త కందిరీగ బయటికి వస్తుంది. వస్తూనే ఇంకో పేనుని వెతుక్కుంటుంది. చూస్తున్నంతసేపూ నాకు పేను మీద జాలి వేసింది, కందిరీగ మీద ఆశ పుట్టింది. మందు అక్కర్లేదు అన్న మాట ఒక్కటే చెవిలో పడింది.

మేనేజరు గారి గదికి వెళ్ళి నేనే అడిగాను. పదకొండేళ్ళలో నేను ఆ గదిలోకి వెళ్ళి ఏదైనా అడగడం అదే మొదలు. ఆయన, "సరే, మూడో హౌస్ నీకిస్తున్నా. ఇరవై ఒక్క రోజులు అందులో మందు ముట్టుకోం. ఇరవై ఒకటో రోజు శుక్రవారం, నేనే వచ్చి చూస్తా. పని చేస్తే మిగతా రెండిట్లోనూ ఇదే పెడదాం. లేదంటే ఈ ముచ్చట మళ్ళీ ఎత్తకు" అన్నారు. ఇంటికొచ్చి చెబితే మా ఆయన అన్నం ముందు నుంచి తలెత్తకుండా, "పురుగుల్ని పెంచడానికి జీతమిస్తారా? బాగుంది" అన్నాడు. మజ్జిగ పోసుకుంటూ, "అంతా ఆ ఈగలే చేసేస్తే ఇక నేనేం చెయ్యాలి?" అన్నాడు. ఆ మాట మాత్రం వెటకారంగా అనలేదు. పద్నాలుగేళ్ళుగా ఆ ట్యాంకు వీపున మోసి మోసి ఆయన భుజాల మీద పట్టీల అచ్చులు పడ్డాయి. పడుకుంటే దగ్గు. "మీకు ఆ దగ్గు తగ్గుతుందండీ" అన్నాను. ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేచిపోయాడు.

ఆయన దగ్గు ఒక్కటే కారణమని చెబితే అబద్ధమవుతుంది. నాకు రెండుసార్లు కడుపు పోయింది. మొదటిసారి రెండో నెల. అది లెక్కలోకి రాదన్నారందరూ. రెండోసారి నాలుగో నెల దాటింది, లోపల కదలిక తెలిసింది. పని మానేస్తానంటే అత్తయ్య, "నడుం వంచితేనే కాన్పు సుఖంగా అవుతుంది" అంది. అప్పుడు నేను కాయ కోతలో ఉన్నాను. మా గ్రీన్‌హౌస్ తలుపులకి బోర్డులుంటాయి. ఒక వైపు ఎరుపు, మందు చల్లారు, లోపలికి రాకూడదని. రెండో వైపు ఆకుపచ్చ, రావచ్చని. మందు చల్లాక ఒక పగలూ ఒక రాత్రీ ఎరుపు వైపు ఉండాలి. కానీ కాయల లారీ పొద్దున ఏడింటికే వస్తుంది, కాబట్టి ఎప్పుడో బోర్డు తిరిగిపోయి ఉంటుంది. ఎవరు తిప్పుతారో మేం అడగం. పచ్చగా ఉంది కదా అని వెళ్ళిపోతాం. ఆ మంగళవారం ఆకులింకా తడిగా ఉన్నాయి, మోచేతుల దాకా తడిసిపోయాను. మధ్యాహ్నానికి కళ్ళు తిరిగాయి. శనివారం ఆస్పత్రిలో ఉన్నాను. ఏం పని చేస్తావని డాక్టరమ్మ అడిగింది. చెప్పాను. "అదే కారణమని చెప్పలేను. కాదనీ చెప్పలేను" అంది. ఆ వాక్యం పట్టుకుని నాలుగేళ్ళు బతికాను. ఇంట్లో మాత్రం అత్తయ్యకి ఏ సందేహమూ లేదు. "మా వైపు ఎవరికీ ఇలా లేదమ్మా" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పింది, నేను వాళ్ళకి టీ పోస్తుండగా.

కందిరీగలు సీసాల్లో వచ్చాయి, రంపపు పొట్టులో కలిసిన డొల్లలుగా. నేనే వరస వరసకీ పొట్టు కుప్పలు పెట్టాను. మొదటి వారం ఏమీ కనిపించలేదు. రెండో వారం ఒక ఆకు అడుగున బంగారు రంగు డొల్ల ఒకటి కనబడింది. మర్నాడు పది. ఆ తర్వాత లెక్కపెట్టడం కష్టమైంది. పద్దెనిమిదో రోజు మంగళవారం ఒక డొల్ల వీపు మీద మూత లేచి, సన్నటి మీసాలు రెండు బయటికి రావడం భూతద్దంలో చూశాను. వరస మధ్యలో చతికిలబడి ఏడ్చాను. ఇంకా పేలున్నాయి, ఆకులింకా జిగురుగానే ఉన్నాయి, కానీ డొల్లలన్నీ విచ్చుకోవడానికి మూడు నాలుగు రోజులు చాలు.

ఆ రాత్రే అత్తయ్య స్నానాల గదిలో జారి మడమ బెణికించుకుంది. "రెండు రోజులు నువ్వు ఉండిపో" అన్నాడు మా ఆయన. ఆయన ఉండొచ్చు కదా అని నేను అనలేదు, అలా అనొచ్చని ఇంట్లో ఎవరికీ తెలియదు. "మూడో హౌస్ జాగ్రత్తండీ" అన్నాను. "నేను చూసుకోనూ?" అన్నాడు. గురువారం పొద్దున వెళ్ళే ముందు నాకు టీ పెట్టిచ్చాడు కూడా. అంత మంచితనం అనుమానించాల్సిందని తర్వాత తెలిసింది.

గురువారం మధ్యాహ్నం అత్తయ్య కాలికి కాపడం పెడుతుంటే, "ఆ మెళ్ళో అద్దం ఏంటే, ఇలా ఇయ్యి" అంది. అంతకుముందే డబ్బాలో తెచ్చిపెట్టుకున్న ఆకొకటి ఉంటే చూపించాను. ఆవిడ చాలాసేపు చూసింది. గుడ్డు పెట్టడం, డొల్ల అవడం అంతా చెప్పాను. "తల్లి దగ్గరుండదా మరి?" అంది. ఉండదన్నాను. "అయినా బతుకుతుందా?" బతుకుతుందన్నాను, మందు పడకపోతే. అత్తయ్య అద్దం కంటికి పెట్టుకునే ఉంది, తీయలేదు. "నీకు అప్పుడు... మందు వల్లేనంటావా?" అంది మెల్లగా. నాలుగేళ్ళలో ఆ ప్రశ్న నన్నడిగిన మొదటి మనిషి ఆవిడే. కాపడం గుడ్డ మళ్ళీ వేణ్ణీళ్ళలో ముంచాను.

ఆ సాయంత్రమే బకెట్లో ఆ బట్టలు. తడి కోటు అలాగే చేత్తో పట్టుకుని ముందు గదిలోకి వెళ్ళాను. "ఎక్కడ చల్లారు?" అన్నాను. ఆయన టీవీ మీంచి చూపు తిప్పలేదు. "రేపు ఆకులు చూసి మాట్లాడు" అన్నాడు. బట్టలు ఉతకలేదు. కోటు తిరిగి బకెట్లో పడేసి, చేతులు మాత్రం నాలుగుసార్లు కడుక్కున్నాను.

శుక్రవారం ఏడు కాకముందే మూడో హౌస్ తలుపు ముందున్నాం. బోర్డు ఆకుపచ్చగా ఉంది. తలుపు గాజులోంచి చూస్తే అడుగున గట్టు మీద నల్లటి నలుసులు, చారెడు. వెలుతురు వైపు ఎగిరొచ్చి తలుపు దగ్గరే పడిపోయాయి. మోకాళ్ళ మీద కూర్చుని భూతద్దం గాజుకి ఆనించాను. సన్నటి మీసాలు, సన్నటి రెక్కలు. ఒక్కటీ కదల్లేదు.

"నీ మంచికే చేశాను" అన్నాడు మా ఆయన నా వెనక నిలబడి. "బుధవారం చూశా, ఇంకా బోలెడు పేలున్నాయి. సార్ చూస్తే పది మందిలో నీ పరువేం కాను? ఇప్పుడు ఆకులు అద్దంలా ఉన్నాయి. అంతా నీ ఈగలే చేశాయని చెప్పు. పేరు నీకే. ఆయన సీసాలు తెప్పిస్తూ ఉంటాడు, నేను మధ్యమధ్యలో ఓ చెయ్యి వేస్తుంటా. ఎవరికీ నష్టం లేదు." తర్వాత జేబులోంచి తడిగుడ్డ తీసి నాకందించాడు. "ముందు వరసల్లో ఆకుల మీద మందు మచ్చలు తెల్లగా కనబడుతున్నాయి. ఆయన వచ్చేలోపు తుడిచెయ్. నువ్వైతే శుభ్రంగా తుడుస్తావు."

గుడ్డ చేతిలోకి తీసుకున్నాను. అలవాటు అలాంటిది, ఏదందిస్తే అది తీసుకుంటుంది చెయ్యి. "ఎప్పుడు చల్లారు?" అన్నాను.

"నిన్న సాయంత్రం."

"ఒక పగలు కూడా కాలేదుగా. బోర్డు ఎవరు తిప్పారు?"

"ఎవరు తిప్పుతారు, నేనే!" అన్నాడు విసుగ్గా. "కొత్తా ఏంటి నీకు? నువ్వు కాయలు కోసేటప్పుడు మాత్రం? సోమవారం చల్లడం, మంగళవారం పొద్దున్నే తిప్పెయ్యడం. ప్రతి వారం నేనే తిప్పేవాణ్ణి. నువ్వు లోపలికి పోలేదూ? ఏమైంది నీకు?"

ఆయన గొంతులో దాపరికం లేదు. అదే నన్ను చంపేసింది. ఆ శనివారం ఆస్పత్రి బెంచీ మీద కూర్చుని నాకంటే ఎక్కువ ఏడ్చింది ఈ మనిషే. బోర్డు తిప్పిన చెయ్యీ ఈయనదే. ఈ రెండింటినీ నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా పక్కపక్కన పెట్టి చూడలేదు. చూడాల్సిన అవసరం ఆయనకి రాలేదు. ఆ పని కూడా నాకే వదిలేశాడు, మందు బట్టల్లాగే. నేనూ ఎవరు తిప్పారని అడక్కుండా, డాక్టరమ్మ మాట ఒకటి పట్టుకుని రోజులు నెట్టాను. అడిగితే జవాబు మా ఇంటికే చేరుతుందని ఎక్కడో తెలిసే అడగలేదేమో. నా బిడ్డ నాలుగు నెలలు పెరిగింది, కదిలింది. దాని గురించి ఈ లోకంలో ఎవరూ ఒక్క గీత కూడా రాయలేదు. పేలని మాత్రం రోజూ లెక్కపెట్టి రాశాను.

తడిగుడ్డ మడిచి ఆయన జేబులో పెట్టాను. లేచి బోర్డు ఎర్ర వైపుకి తిప్పాను. "ఏం చేస్తున్నావ్?" అని ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. నేను ఆయన కళ్ళలోకి చూస్తూ నిలబడ్డాను. ఏం చూశాడో మరి, తనంతట తనే వదిలేశాడు. దగ్గొచ్చి పక్కకి తిరిగాడు.

కోతవాళ్ళు బుట్టలతో వచ్చి, ఎర్ర బోర్డు చూసి ఆగిపోయారు. వాళ్ళలో కొత్తగా చేరిన పిల్ల ఒకతి కడుపు మీద చెయ్యి వేసుకుని నిలబడింది. మూడో నెల దాటుతుందనుకుంటాను. నేను తలుపుకి అడ్డంగా కూర్చున్నాను.

ఎనిమిదింటికి మేనేజరు గారు వచ్చారు. ముందు బోర్డు వంక చూశారు, తర్వాత మా ఆయన వంక, తర్వాత నా వంక.

"ఏమైందమ్మా?" అన్నారు.

మా ఆయన నోరు తెరిచాడు. నేను ముందుగా లేచి నిలబడ్డాను. నాలుగేళ్ళ కిందటి ఆ మంగళవారం నుంచి చెప్పడం మొదలుపెట్టాను.