ముందు చెరిపేసి

చెవి మిషన్ల షాపులోని ఆ కంప్యూటర్‌కి పన్నెండేళ్లు. దాని పనల్లా ఒక్కటే. చెవిలో పెట్టుకునే మిషన్‌ని వైరుతో తగిలిస్తే, ఏ శబ్దాన్ని ఎంత పెంచాలో ఆ లెక్కలు అందులోకి ఎక్కించడం. ఆ పని అది కిక్కురుమనకుండా చేసుకుపోయేది. కాకపోతే రోజుకోసారి తెర మధ్యలో ఓ పెట్టె ఊడిపడేది, కొత్త అప్‌డేట్ వచ్చింది, ఇప్పుడా తర్వాతా అంటూ. అడగని సలహాలిచ్చే చుట్టాన్ని సాగనంపినట్టు టెక్నీషియన్ దాన్ని "తర్వాత" నొక్కి సాగనంపేది.

షాపు ఆమె అక్క మొగుడిది. బావగారికి చెవుల గురించి తెలిసింది సున్నా, కంప్యూటర్ల గురించి తెలిసింది అంతకంటే కాస్త తక్కువ. అయినా కొత్తది అన్న మాట చెవిన పడితే చాలు, ఆయన ముఖం చాటంత అయ్యేది. ఏడాదికో ఫోన్ మార్చి, ప్రతి ఫోన్‌లోనూ మరదలి చేతే అలారం పెట్టించుకునేవాడు.

ఆ రోజు పదకొండింటికి బస్సు డ్రైవర్ వచ్చాడు. యాభై దాటిన మనిషి. మధ్యాహ్నం మూడింటికి డిపో డాక్టర్ దగ్గర వినికిడి పరీక్ష. గట్టెక్కితే ఇంకో మూడేళ్లు స్టీరింగ్, లేకపోతే రేపటి నుంచి షెడ్డులో బస్సులు కడగడం.

"మిషన్లు పనిచేస్తూనే ఉన్నాయమ్మా, కాస్త సన్నగా వినిపిస్తోంది. కొంచెం పెంచితే చాలు," అన్నాడు.

"కొంచెమేంటి బాబాయ్, ఈగ వాలినా వినిపించేలా చేస్తా," అందామె.

ఆమెకో పద్ధతి ఉంది. పాత లెక్కల మీద కొత్తవి ఎక్కించదు. మిషన్‌ని పూర్తిగా చెరిపేసి, మొదటి నుంచి మొదలుపెడుతుంది. అలా చేయని టెక్నీషియన్లంటే ఆమెకు మహా చులకన. ఆయన చెవులు పరీక్షించి, రెండు మిషన్లూ శుభ్రంగా చెరిపేసింది. కొత్త లెక్కలు ఎక్కేదాకా అవి మూగవే. ఇంతలో వైరు వదులుగా ఉందనిపించి, ఇంకోటి తేవడానికి లోపలి గదిలోకి వెళ్లింది.

ఆ రెండు నిమిషాల్లో పెట్టె ఊడిపడింది. బావగారు తగుదునమ్మా అని కుర్చీలో చేరి, "ఇప్పుడే" నొక్కాడు.

ఆ అప్‌డేట్ తెలివి ఏమని చెప్పాలి! ముందు పాత ప్రోగ్రామ్‌ని, అందులో దాచుకున్న అందరి లెక్కలతో సహా పీకి పారేసింది. ఆ తర్వాత తీరుబడిగా, ఈ కంప్యూటర్ తనకు పనికొస్తుందో లేదో చూసుకుంది. పనికిరాదట. మీ సిస్టమ్ పాతది, దీనిపై ఈ వెర్షన్ నడవదు అని చెప్పి, కింద "సరే" అని ఒకే ఒక్క బటన్ ఇచ్చింది. కొంప ముంచి, మన చేతే సరే అనిపించుకునే మర్యాద అది.

"ఏం చేశారు బావగారూ!"

"నేనేం చేశాను? అదే అడిగింది. మర్యాదగా అడిగితే కాదంటామా?"

ఆమె కంపెనీకి ఫోన్ చేసింది.

"మీరు కంప్యూటర్ మార్చుకోవాలి మేడం," అంది అవతలి గొంతు.

"పొద్దున్నే బాగా పనిచేసిందండీ. పోనీ పాత ప్రోగ్రామే మళ్లీ ఇవ్వండి."

"దానికి సపోర్ట్ ఆపేశాం మేడం. ఇప్పుడది మా దగ్గర కూడా లేదు."

"కొత్తది ఎక్కుతుందో లేదో చూసుకోకుండా ఉన్నదాన్ని ఎలా తీసేస్తారండీ? బుద్ధున్నవాళ్లు చేసే పనేనా ఇది?"

ఈ సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారని అడిగింది అవతలి గొంతు.

ఫోన్ పెట్టేసి ఆమె కంపెనీని, ప్రోగ్రామ్ రాసినవాళ్లని, బావగారిని వరసపెట్టి కడిగేసింది. ఊళ్లోని ఇంకో షాపుకి పంపుదామంటే అక్కడ వారం ముందే చెప్పి పెట్టుకోవాలి. కొత్త కంప్యూటర్ తెచ్చినా అన్నీ అమర్చేసరికి సాయంత్రం దాటుతుంది. డ్రైవర్ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఆమె పెదాల వంకే చూస్తున్నాడు. ఆయనకు ఒక్క ముక్కా వినిపించడం లేదు.

"ఏమైందమ్మా? ఎవర్ని తిడుతున్నావు?" తన గొంతు తనకు తెలియక ఆయన పెద్దగా అరిచాడు.

ఆమె కాగితం తీసి గబగబా రాసింది. కంపెనీ అప్‌డేట్, పాత సిస్టమ్, ప్రోగ్రామ్ పోవడం, అన్నీ.

ఆయన ఓపిగ్గా చదివాడు. "ఇదంతా మీ కంప్యూటర్ గొడవ. పొద్దున నేను వచ్చినప్పుడు నా మిషన్లు వినిపించాయిగా? అదేమైంది?"

రోడ్డు మీద పోయేవాళ్లు కూడా తిరిగి చూశారు. ఆమె కలం పట్టుకుంది. "కంపెనీ" అని రాసి కొట్టేసింది. "మా బావగారు" అని రాసి కొట్టేసింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. చివరికి రాసింది: "వాటిని చెరిపేసింది నేనే. కొత్తవి ఎక్కుతాయో లేదో చూసుకోకుండానే."

ఆయన రెండుసార్లు చదివి, కాగితాన్ని తిరిగి ఆమె ముందుకు జరిపాడు.

"డాక్టర్‌కి చూపిస్తా. వారం గడువిస్తాడేమో," అని అరిచాడు. "కింద సంతకం పెట్టమ్మా. పేరు అర్థమయ్యేలా రాయి."

ఆమె సంతకం పెడుతుంటే, బావగారు చప్పుడు చేయకుండా షాపు ముద్ర తెచ్చి పక్కన పెట్టాడు.