అడ్డతీగ మొదళ్లు

ఎండ నడినెత్తికెక్కేసరికి కొండమీద తీగలు నరికే ఆడకూలీలందరికంటే నారాయణమ్మ ఒక వరస ముందుంది. తొడంత లావు అడ్డతీగలు కత్తివేటుకి మొదట్లో తెగుతున్నాయి. పైన మాత్రం చెట్లను పట్టుకుని అలాగే వేలాడుతున్నాయి.

ఈ కొండమీది అడ్డాకుతోనే ఆమె పెళ్లయిన నాటినుంచీ విస్తళ్లు కుడుతోంది. కొడుకు పోయాక తననూ, కోడలు కుమారినీ సాకింది ఆ ఆకే. అయినా నరకడానికి బెంగపడలేదు. ముదిరిన తీగను నరికితే వానలకి లేత తీగ లేస్తుంది. ఎప్పుడూ చేసే పనే. ఈసారి అటవీశాఖవాళ్లు కూలి కూడా ఇస్తామన్నారు.

"సెట్లు ముసలివవ్వాలట పిన్నీ," అన్నాడు పొద్దున మేస్త్రీ అప్పలసూరి. "మాను లావెక్కితే తొర్రలు పడతాయట, పిట్టలొస్తాయట. ఈ తీగలు ఎదగనివ్వవని ఆఫీసరుగారు సెప్పినారు."

"ముసిలోలవ్వడానికీ సర్కారు పథకం కావాలేటిరా! మాం ఊరికే అయిపోనాం," అంది నారాయణమ్మ. ఆడవాళ్లంతా పకపకా నవ్వారు.

కూడు తిని లేచేసరికి అప్పలసూరి ఒక డబ్బా, నాలుగు బ్రష్షులు తెచ్చి పెట్టాడు.

"నరికిన మొదళ్లకి ఇది పుయ్యండి."

"ఏటిది?"

"మందు. మరి సిగురెయ్యదు."

ఎవరూ నవ్వలేదు.

"పొద్దున్నే సెప్పనేదేటిరా, సూరీ?"

"సెప్తే ఒస్తారేటి?" అతను మొహం తిప్పుకున్నాడు. "పుయ్యకపోతే పొద్దుటి కూలీ రాదు. అయినా పేపరు పళ్లాలొచ్చీసినాక నీ ఆకులెవులడుగుతారు పిన్నీ?"

"మొన్న నీ కొత్తింట్లోన బోజనాలకి కుట్టిందెవులురా?"

అప్పలసూరి వంగి డబ్బా మూత తీశాడు. వెనకనుంచి ఒకామె వంగి బ్రష్షు తీసుకుంది. తరవాత మరొకామె. కుమారి కూడా లేచింది.

"నువ్వు కూకో అత్తా. నీ వరస కూడా నానే పూసేస్తాను," అంది, అత్త మొహంలోకి చూడకుండా.

"నా వరస ముట్టుకోకు."

"కూలి పోతాదే అత్తా!"

"పోనీ."

"నువ్వు ఒగ్గీస్తే రేపు ఇంకొకలొచ్చి పూస్తారు," అన్నాడు అప్పలసూరి, మెల్లగా.

"పుయ్యనీరా. నాను పుయ్యను."

నారాయణమ్మ తాను మొదట నరికిన తీగ దగ్గర చతికిలబడి, నీరు ఊరుతున్న ఆ మొదలు మీద అరచెయ్యి పెట్టింది. పక్క వరసలో కుమారి ఒక్కో మొదలుకీ మందు పూసుకుంటూ దిగువకి పోతోంది. పైన ఆకు పచ్చగా, విస్తరికి సరిపడా వెడల్పుగా, గాలికి ఊగుతోంది. కింద తెగిన సంగతి ఇంకా అంత ఎత్తుకి చేరలేదు.