ఇంటి మీద పడ్డ శిక్ష

పొద్దున్నే వాకిలి ఊడుస్తుంటే మా అత్త పోశమ్మ గడప మీద కూర్చుని, "గా మూలకు ఆకులు అట్లనే ఉన్నయి చూడు," అంది. పెళ్లయి ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఆ మూల ఆకులు అట్లాగే ఉన్నాయి. నేను ఊడ్చి ఇటు తిరిగేలోపు పక్కింటి వేపచెట్టు మళ్లీ రాలుస్తుంది. మొదట్లో ఆ మాటకు ఏడుపొచ్చేది, తర్వాత కోపమొచ్చేది, ఇప్పుడు ఏమీ రావడం లేదు. ఆ రోజు అత్త ఇంకో మాట కూడా కలిపింది. "జల్ది తెములు సంధ్యా. మొగడు కోర్టుకు పోయేనాడు పెండ్లాం పక్కన లేకపోతే నలుగురు ఏమనుకుంటరు?" నేను చీపురు గోడవారగా పడుకోబెట్టి, చేతులు కడుక్కుని, ఆయన చొక్కా ఇస్త్రీ చేశాను.

మా ఆయన ఐలేశ్ తాగి జనగామ బస్టాండులో ఒక కండక్టరమ్మను నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆమె చేసిన తప్పల్లా టికెట్ అడగడమే. "ఆడోళ్లకేమో ఫిరీ, మొగోడు పైసలు కట్టాల్నా," అని మొదలుపెట్టి, ఎక్కడెక్కడికో పోయి, చివరకు ఆమె చెయ్యి పట్టి లాగబోయాడట. పోలీసులు తీసుకుపోయి కేసు రాసి వదిలిపెట్టారు. ఇంటికొచ్చి, "గంత దానికే కేసు పెట్టిండ్రు," అన్నాడు. నాకు కోపం రావాలి కదా అనుకున్నాను. ఆ కండక్టరమ్మ కూడా పొద్దున తన ఇంటి వాకిలి ఊడ్చాకే డ్యూటీకి వచ్చి ఉంటుంది అని మాత్రం అనిపించింది. కూర చల్లారిందని వేడి చేసి పెట్టాను.

కోర్టు వరండాలో వకీలు సంజీవ మాకు సంగతి విప్పి చెప్పాడు. "చిన్న కేసే. కొట్లాడితే యేడాది తిరుగుడు. ఒప్పుకుంటే ఇయ్యాల్నే తేలిపోతది. మొదటి తప్పు, సంసారం ఉన్నోడు అని నేను చెప్త, మేడం తక్వలో పోనిస్తది." తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు జర ముంగటికొచ్చి నిలబడమ్మా, మేడానికి కనబడాలె," అన్నాడు. ఆయన శిక్ష తగ్గడానికి ఉన్న కారణాల్లో నేనొకదాన్ని. నేను పనిచేసే చీరల దుకాణంలో కూడా ఇంతే. గిరాకీ ఉన్నా లేకున్నా కనిపించేటట్టు నిలబడాలి, కూర్చోకూడదు. నిలబడటం నాకు కొత్త కాదు.

మేజిస్ట్రేటు మేడం నాకంటే చిన్నదే. కళ్లజోడు సవరించుకుని, తప్పు ఒప్పుకుంటున్నావా, ఎవరైనా బలవంతం చేశారా అని అడిగింది. ఆయన తల వంచుకుని, "ఒప్పుకుంటున్న మేడం," అన్నాడు. అంత మెత్తని గొంతు ఆయనకు ఉందని నాకు తెలియదు. వకీలు చెప్పాల్సింది చెప్పాడు. మేడం కాసేపు కాగితాలు చూసి, తర్వాత నన్ను చూసింది. "ఒకరోజు జైలుకు పంపొచ్చు. జరిమానా వెయ్యొచ్చు. కానీ జరిమానా వేస్తే అది కట్టేది ఆమె. కొత్త చట్టంలో ఇంకో దారి ఉంది," అంది. వారం పాటు రోజూ పొద్దున సర్కారు దవాఖాన ఆవరణ ఊడ్వాలి. చేయకపోతే జైలే. "దీనికి జీతం ఉండదు. ఇది సేవ అంటారు గానీ శిక్షే. నీ చేతులతో నువ్వు చేస్తేనే కాస్త బుద్ధొస్తది," అని రాసుకుంది.

బండి వెనక కూర్చుని వస్తుంటే మేడం మాటలే చెవిలో తిరిగాయి. జీతం లేకుండా ఊడవడం శిక్ష. దాని మీద ఏదో అనుకోబోయాను గానీ, పొద్దుటికి కూరగాయలు లేవని గుర్తొచ్చి ఆయన్ను బండి ఆపమన్నాను.

ఇంటికొచ్చాక అత్త నెత్తి పట్టుకుంది. "నా కొడుకు చీపిరి పట్టుడా? సుట్టాలు సూస్తె మొగం ఏడ పెట్టుకోవాలె?" అంది. నీళ్లు తాగి కొంచెం స్థిమితపడ్డాక ఆమెకు వాళ్ల అత్త చెప్పిన ముచ్చట యాదికొచ్చింది. "దేవరుప్పుల దిక్కు ఎనకట దొర గడిల వెట్టి ఇంటికి పడేదట, మనిషికి గాదు. మామకు జరమొస్తే అత్త పోయేదట. అత్త బాలింతయితే ఎదిగిన పోరి పోయేదట. ఇంట్ల నుంచి రెండు చేతులు పోవాలె, గంతే. ఎవలి చేతులని దొర అడిగిండా?" ఐలేశ్ ముఖం వెలిగింది. "గదే నేననేది. పని అయిందా లేదా, గది సూస్తరు." ఇద్దరూ నా వైపు చూశారు. వెట్టి పోయి ఎన్ని తరాలైందో నాకు తెలుసు. దానికోసం ఎంతమంది చచ్చారో కూడా మా బిడ్డ పుస్తకంలో ఉంది. కాదనొచ్చు. కాదంటే మాటలు, అలగడం, అన్నం పళ్లెం తోసేయడం, మా అమ్మవాళ్లకు మానుకోటకు ఫోను, చివరకు నేనే బతిమాలడం. దానికన్నా ఊడవడమే తేలిక. సరే అన్నాను.

ఇక రోజూ మా వాకిలి ఊడ్చి, ఆయన బండి మీద దవాఖానకు పోయేవాళ్లం. ఆయన చీపురు పట్టుకుని కాస్త వంగి నిలబడితే నేను ఫొటో తీయాలి. దాన్ని కోర్టు కానిస్టేబుల్ ఫోనుకు పంపి, చీపురు నా చేతికిచ్చి, బండి మీద కూర్చుని ఫోను చూసుకునేవాడు. ఫొటో సరిగ్గా రాకపోతే, "గింత పని సుత రాదు నీకు," అనేవాడు. నేను మళ్లీ తీసేదాన్ని. వాడేసిన దూది, టీ కప్పులు, ఎవరో వదిలేసిన ఒంటి చెప్పు, అన్నీ ఊడ్చేదాన్ని. కవిత అనే నర్సు డ్యూటీకి వస్తూ ఆగి, "అన్నకు సాయం చేస్తున్నవా అక్కా? అన్న నసీబు మంచిది," అంది. నేను నవ్వాను. దవాఖాన నుంచి దుకాణానికి ఉరికితే ఎప్పుడూ ఆలస్యమే. సేటు గోడ గడియారం వైపు చూసేవాడు తప్ప ఏమీ అనేవాడు కాదు. అనకపోవడమే తిట్టు. మంటో, బాధో ఉంటుందేమోనని నాలో వెతుక్కున్నాను. వేలికి ముల్లు గుచ్చుకుంటే మాత్రం నొప్పి తెలిసింది. అంతకుమించి లేదు.

వారం ఇంకా మిగిలి ఉండగానే నాకు జ్వరమొచ్చింది. తెల్లవారినా కళ్లు తెరవలేకపోయాను. మెలకువ వచ్చేసరికి వంటింట్లో అత్త చాయ పెడుతోంది. ఇల్లు ఊడ్చి ఉంది. "శ్రేయ ఏది అత్తమ్మా?" అన్నాను. ఏడో తరగతి పిల్ల, ఆ వేళకు జడలు వేయమని నా పక్కన కూర్చోవాలి. అత్త చాయ గ్లాసు అందిస్తూ, "నాయిన్తోని పోయింది. నీకు జరమొచ్చె గదా. నేనే పొమ్మన్న," అంది మామూలుగా.

ఆటో ఎక్కి దవాఖానకు పోయాను. బడి డ్రెస్సులో, చున్నీ నడుముకు బిగించి, నా బిడ్డ ఊడుస్తోంది. మూలల్లో ఆకు కూడా వదలకుండా, దుమ్ము లేవకుండా, వంగి ఒక్క తీరుగా ఊడుస్తోంది. నేను ఎన్నడూ నేర్పలేదు. నన్ను చూసి నేర్చుకుంది. "జరం తగ్గిందానే అమ్మా? నాయిన పేరు మీద నేను చేస్తున్న. ఇంట్ల ఎవలు చేసినా ఒకటేనని నాయినమ్మ చెప్పింది," అంది. ఆమె ముఖంలో కష్టం లేదు, కోపం లేదు. నా ముఖమే అక్కడ ఉంది. ఇన్నేళ్లలో నాకోసం ఎప్పుడూ భయపడనిదాన్ని, అప్పుడు భయపడ్డాను. ఐలేశ్ బండి మీద నుంచే, "జరమన్నవ్ గదా, మల్లెందుకొచ్చినవ్?" అన్నాడు. బిడ్డ చేతిలోంచి చీపురు తీసుకుని, చున్నీ ముడి విప్పి, జడలు వేసి బడికి పంపాను. మిగిలింది నేనే ఊడ్చాను. ఆ రోజుకు నాకు చేతనైంది అంతే.

వారం గడిచింది. మళ్లీ కోర్టు. ఆయన చొక్కా మళ్లీ ఇస్త్రీ చేశాను. "పని చక్కగ పూర్తి చేసిండు మేడం, రోజు ఫొటోలున్నయి," అన్నాడు సంజీవ. మేడం ఫోనులో ఒక్కొక్కటే చూసింది. ప్రతి ఫొటోలోనూ చొక్కా నలగకుండా ఉంది. "నువ్వే చేసినవా?" అని అడిగింది. "నేనే చేసిన మేడం," అన్నాడు ఆయన అదే మెత్తని గొంతుతో. ఆమె కలం తీసింది. ఇక ఒక్క సంతకం. అది పడితే కేసు మూసేస్తారు, ఇంటికి పోతాం, అత్త దిష్టి తీస్తుంది. నేను నోరు విప్పితే ఆయన జైలుకు పోతాడు, రాత్రికి ఆ ఇంట్లో నాకు అన్నం ఉంటుందో లేదో తెలియదు. అదంతా తెలుస్తూనే ఉంది. బెంచీ మీద నుంచి లేచి నిలబడ్డాను.

"కూసో అమ్మా, ఇగ నీ పని అయిపోయింది," అన్నాడు వకీలు మెల్లగా. మేడం తలెత్తి, ఏంటమ్మా అంది. ఐలేశ్ వెనక్కి తిరిగి చూశాడు. దుకాణంలో చీర రంగు చెప్పినట్టే చెప్పాను.

"ఊడ్చింది నేను మేడం. ఒక పొద్దు నా బిడ్డ ఊడ్చింది. మా ఇద్దరికి ఏం తప్పుకు శిక్ష వేసిండ్రో జర కాగితం చూసి చెప్పుండ్రి."