బాతుపిల్లల పిండి

కోడుమూరు దాటి లోపలికి పోతే, మనుషులు తాగే నీళ్లకే ట్యాంకరు కోసం బిందెలు పట్టుకుని నిలబడాల్సిన ఊళ్లుంటాయి. అలాంటి ఒక ఊళ్లో భూపేష్ తన తోటలో ప్లాస్టిక్ పట్టా పరిపించి ఒక చెరువు కట్టించాడు. ఓర్వకల్లు వైపు ప్లాట్లు అమ్మడం అతని వ్యాపారం. కొనే పెద్దమనుషులను తోటకు పిలిచి, వేటపోతును కోసి విందులిస్తాడు. చెరువన్నాక అందులో తెల్లటివేవో ఈదుతూ ఉండాలని ఎవరో అతని చెవిలో వేశారు. అంతే, ఒక అట్టపెట్టె నిండా బాతుపిల్లల్ని తెచ్చి తల్లి ముందు దించి, "పెంచమ్మా, దసరాకి మనోళ్లొస్తారు" అని చెప్పి కారెక్కి వెళ్లిపోయాడు.

తల్లి సుబ్బలక్ష్మమ్మ ఆ పెట్టెను నాగలత వైపు తోసింది.

నాగలత ఆ ఇంటి పనిమనిషి. మొగుడు ఈరేష్ ఆ ఇంటి ట్రాక్టరు తోలుతాడు. పశువుల పాక వెనక సుబ్బలక్ష్మమ్మ జాగాలోనే ఒక రేకుల కొట్టంలో కాపురం. పాకలో పేడ ఎత్తడం, ఇల్లు ఊడవడం, అంట్లు తోమడం, అన్నీ ఆమే. చంకలో ఏడాదిన్నర భువన ఎప్పుడూ ఉంటుంది. ఆ పిల్లకు నడక వచ్చింది గానీ నాలుగడుగులేస్తే కూలబడుతుంది, అందుకే చంక దిగదు.

ఆ మొదటి పెట్టెలోని పిల్లలన్నీ చచ్చాయి. ఈ సీమలో నోరున్న ప్రతిదానికీ వేరుశనగ చెక్కే మేత. సుబ్బలక్ష్మమ్మ కూడా అదే పెట్టమంది. గోనెసంచిలో అడుగున మిగిలి, వానకు తడిసి, పచ్చగా బూజు కట్టిన చెక్క. అదే చెక్కను గేదెలు తిన్నాయి, కోళ్లు తిన్నాయి, వాటికేమీ కాలేదు. బాతుపిల్లలు మాత్రం మెడలు వెనక్కి విరుచుకుని గిలగిల కొట్టుకుని పోయాయి. సుబ్బలక్ష్మమ్మ చెక్కను ఒక్క మాట అనలేదు. "నీ చెయ్యి మంచిది కాదుమే" అని నాగలతను అంది. చచ్చిన పిల్లల్ని గంపలో వేసుకుని పోయి పాతిపెట్టింది కూడా ఆ మంచిది కాని చెయ్యే.

రెండో పెట్టె వచ్చినప్పుడు మాత్రం సుబ్బలక్ష్మమ్మ జాగ్రత్తపడింది. కొడుకు ముందు రెండోసారి మాట పోగొట్టుకోవడం ఆమెకు ఇష్టం లేదు. పశువుల డాక్టరు శివశంకర్‌కు ఫోన్ చేసి, స్పీకరు పెట్టి, మంచం మీద కూర్చుంది. నాగలత కసవు ఊడుస్తూ వింది.

"బూజు చెక్క వాసన కూడా చూపించొద్దమ్మా, బాతుపిల్లలకు అది విషం," అన్నాడు డాక్టరు. "గుడ్లు పెట్టే కోళ్ల దాణా వద్దు, సున్నం ఎక్కువ, పిల్లల మూత్రపిండాలు పోతాయి. బ్రాయిలరు దాణాలో మందు కలుపుతారు, అదీ వద్దు. ఒట్టి నూకలు పెడితే కడుపు నిండుతుంది గానీ కాళ్లకు బలం రాదు. పప్పు, పాలపొడి లాంటి బలమైనవి ఉండాలి. మెత్తగా తడిపి, పక్కనే నీళ్లు పెట్టండి. ఎండుచేపల పొడి కొంచెం కలపడం మర్చిపోవద్దు, లేకుంటే కాళ్లు వంకర పోతాయి. మందు లేని పిల్లల దాణా కర్నూలులో దొరుకుతుంది, భూపేష్‌ను తెమ్మనండి."

భూపేష్ తెస్తానన్నాడు. తర్వాత ఫోన్ ఎత్తలేదు.

సుబ్బలక్ష్మమ్మ ఆలోచనలో పడింది. ఆమె ఇంట్లో పాలున్నాయి, గుడ్లున్నాయి, శనగపప్పు మూటలు మూటలుగా ఉంది. అవేవీ ఆమెకు తోచలేదు. అవి మనుషులు తినేవి కదా! ఆలోచిస్తూ ఆలోచిస్తూ పాక వెనక్కి నడిచింది. కొట్టం గడపలో నాగలత గిన్నెలో పిండి కలిపి కూతురికి తినిపిస్తోంది. భువనకు కడుపులో బాగోలేనట్టుంది, ఒక ముద్ద మింగి ఒక ముద్ద ఉమ్మేస్తోంది.

"ఏమ్మే అది?"

"అంగన్‌వాడీలో ఇచ్చిన పిండమ్మా. బాలామృతం."

సుబ్బలక్ష్మమ్మ పొట్లం అందుకుని, కళ్లద్దాలు సర్దుకుని, దాని మీద రాసింది చదివింది. గోధుమలు, శనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెర, విటమిన్లు. చదువుతుంటే ఆమె మొహం వెలిగిపోయింది.

"అబ్బా, డాక్టరప్ప చెప్పినవన్నీ దీంట్లోనే ఉండాయి గదే!"

నాగలతకు విషయం అప్పుడే అర్థమైంది. "అమ్మా, పాపది..." అంది.

"పాప యాడ తింటాంది? ఉమ్మేస్తాంది గదా. ఊరికే మన్ను పాలు చేస్తాండావు. నెలనెలా ఇస్తారు, మల్లా తెచ్చుకుందువులే." పొట్లం సుబ్బలక్ష్మమ్మ చంకలోకి పోయింది. నాలుగడుగులేసి వెనక్కి తిరిగింది. "ఏం, మొగం అట్ల పెట్టినావు? నా జాగాలో ఉండి నాకే ల్యాదంటావా?"

లేదని ఎవరన్నారు? అనే నోరే ఉంటే నాగలత బతుకు ఇట్లా ఎందుకుంటుంది! ఆ సాయంత్రం ఈరేష్‌తో చెప్పుకుని ఏడ్చింది. అతను బీడీ పారేసి, "పిండి పోతే పోనీలే. కొట్టం పోతే యాడికి పోదామే?" అన్నాడు. అతనన్నదాంట్లో తప్పేమీ లేదు. తప్పు లేకపోవడమే ఆమెకు ఎక్కువ బాధేసింది.

అప్పట్నుంచి పొట్లం వచ్చిన రోజునే పెద్దింటికి చేరేది. నాగలతే మోసుకుపోయేది, నాగలతే తడిపి కలిపేది, నాగలతే బాతుపిల్లల ముందు పెట్టేది. అవి పసుపుపచ్చగా, బొద్దుగా, ఒకదాన్నొకటి తోసుకుంటూ గిన్నె మీద పడేవి. ముక్కులతో గబగబా గిల్లి, పక్కనున్న నీళ్లలో ముంచుకుని మింగేవి. చూడముచ్చటగా ఉండేవి, ఆ మాట ఒప్పుకోవాలి. నాగలతకు మాత్రం వాటిని చూస్తే ఒళ్లు మండేది. నోరు లేని వాటి మీద ఆ మంటేమిటని మళ్లీ తనను తానే తిట్టుకునేది.

భువనకు గంజి, చారన్నం. అవి కడుపులో ఆగేవి కావు. పిల్ల బుగ్గలు లోపలికి పోయాయి, మెడ సన్నబడింది, కళ్లు మాత్రం పెద్దవయ్యాయి. జుట్టు ఎర్రబారింది. ఏడుపు కూడా తగ్గింది. ఏడవని పిల్లను చూసి పక్కింటివాళ్లు బుద్ధిమంతురాలన్నారు.

తల్లి మనసు ఊరుకుంటుందా? పిండి తడిపేముందు చిటికెడు, గుప్పెడు తీసి పైటచెంగులో ముడేసుకునేది. పాక మూలకు పోయి, గేదె చాటున కూర్చుని, ఉమ్మితో తడిపి బిడ్డ నోట్లో పెట్టేది. తన బిడ్డ పేరున వచ్చిన పిండిని తానే దొంగతనం చేస్తూ, అటూ ఇటూ చూస్తూ తినిపించేది. భువన ఇప్పుడు ఉమ్మేసేది కాదు. వేలు కూడా చీకేది.

కొన్నాళ్లకు బాతుపిల్లల్లో రెండు మూడు కుంటడం మొదలుపెట్టాయి. కాళ్లు వంకర తిరిగి, రెక్కల మీద పాకుతున్నాయి. ఎండుచేపల పొడి కలపమని డాక్టరు చెప్పిన మాట నాగలత గుర్తుచేసింది. తన వాకిట్లో నీసు కంపు కుదరదని అంతకుముందే కొట్టిపారేసిన మనిషి సుబ్బలక్ష్మమ్మే. కానీ పెద్దింట్లో తప్పు పెద్దవాళ్లది ఎన్నడైంది?

"చేపలూ ల్యాదు, గీపలూ ల్యాదు. వాటి నోటికాడిది నువ్వు తింటాండావు. ఇట్ల రా. చెంగు ఇప్పు."

చెంగులో ఏమీ లేదు. అప్పటికే భువన కడుపులోకి పోయింది. సుబ్బలక్ష్మమ్మ నాగలత మొహం చూసింది, తర్వాత చంకలో బిడ్డ మొహం చూసింది. మెల్లగా నవ్వింది.

"దాని నోరు తెర్సు."

"అమ్మా, వద్దమ్మా..."

సుబ్బలక్ష్మమ్మ తానే బిడ్డ దవడలు నొక్కి పట్టి, చూపుడువేలు నోట్లో పెట్టి బుగ్గల లోపల తిప్పింది. భువన ఓకరించింది. వేలు బయటికొచ్చింది, చివరన తడిపిండి. సుబ్బలక్ష్మమ్మ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, బిడ్డ గౌనుకు తుడిచింది.

"తియ్యగా ఉంటాది గదా, మరిగింది. దొంగ బుద్ధి పాలతోనే వచ్చినట్టుండాది."

ఆ క్షణాన నాగలతకు ఆమె గొంతు పట్టుకోవాలనిపించింది. చేతులు లేచాయి కూడా. లేచిన చేతులతో బిడ్డ తల నిమిరి, "తప్పైందమ్మా" అంది. ఆ రోజు నుంచి మేత కలిపేటప్పుడు సుబ్బలక్ష్మమ్మ కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చునేది. చేపల పొడి మాత్రం మర్నాడే ఎవరికీ చెప్పకుండా తెప్పించింది. బాతుపిల్లల కాళ్లు మెల్లగా సర్దుకున్నాయి. దాన్ని కూడా తన కాపలా పుణ్యమే అని నలుగురికీ చెప్పుకుంది.

అంగన్‌వాడీలో పిల్లల్ని తూచే రోజు వచ్చింది. ఆ రోజు పైఆఫీసు నుంచి ఒక మేడమ్ జీపులో వచ్చింది. ఊరి పెద్దింటి మనిషి అని సుబ్బలక్ష్మమ్మను పిలిచి కుర్చీ వేశారు. ఆమె పట్టుచీర కట్టుకుని, పిల్లలకు పంచమని అరటిపండ్ల గెల ఒకటి మోయించుకుని వచ్చింది.

శ్రావణి టీచరు భువనను తూచింది. ముల్లు చూసి, నమ్మలేక మళ్లీ తూచింది. తర్వాత జబ్బ చుట్టూ పట్టీ పెట్టి కొలిచింది. పట్టీ ఎరుపులో ఆగింది. పచ్చలో ఉంటే పిల్ల బాగున్నట్టు, ఎరుపంటే ప్రాణానికే ముప్పని అక్కడున్న తల్లులందరికీ తెలుసు.

"నెలనెలా పొట్లం తీసుకుపోతాండావు గదా నాగలతా. పాపకు పెడతాండావా ల్యాదా?" అంది శ్రావణి.

నాగలత నోరు తెరిచింది. చెప్పేయాలనే తెరిచింది. ఎదురుగా కుర్చీలో సుబ్బలక్ష్మమ్మ చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ, తల ఎత్తకుండానే, "ఈరేష్‌ను రేపు జీతం మాన్పిస్తే యాడికి పోతాడో ఏమో, పాపం. మంచోడు," అని పక్కావిడతో ఏదో ఊసుపోక అన్నట్టు అంది.

నాగలత బిడ్డ గౌను సర్దింది.

"చెప్పమ్మా, పిండి ఏమైపోతోంది?" అని మేడమ్ గట్టిగా అడిగింది.

జవాబు సుబ్బలక్ష్మమ్మే ఇచ్చింది. "ఏం చెప్తాది మేడమ్! మా తోటలో బాతుపిల్లలుండాయి, వాటికేస్తాది. నేను కండ్లారా చూసినా. గవర్నమెంటు బిడ్డలకని ఇస్తే వీళ్లు పశువులకు పెడతారు. ఎన్ని చెప్పినా ఇంతే."

"నిజమేనా?"

శ్రావణి టీచరు నాగలత కళ్లలోకి చూస్తోంది. ఆ చూపులో ఏదో అనుమానం ఉంది. ఇంకొక్క మాట అడిగితే నాగలత గట్టు తెగేదేమో. టీచరు ఒకసారి మేడమ్ వైపు, ఒకసారి అరటిగెల వైపు చూసి, ఆ మాట అడగలేదు.

"నిజమే మేడమ్," అంది నాగలత. "నేనే వేసినా."

తల్లులు ఛీ అన్నారు. ఒకామె ఆమె పక్క నుంచి లేచి దూరంగా పోయి కూర్చుంది. కన్నబిడ్డ నోరు కొట్టి బాతులకు పెట్టిన తల్లి! అబద్ధమని తెలిసినా ఆ మాట నాగలతకు వాత పెట్టినట్టే తగిలింది. నిజానికి ఆ పని తన చేతులతోనే జరిగింది కదా, అనుకుంది. అలా అనుకున్నాక ఆమెకు ఏడుపు కూడా రాలేదు.

మేడమ్ మంచి మనిషే. బిడ్డను కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయి చూపించాలని చీటీ రాసిచ్చింది. తర్వాత పొట్లం సంగతి ఆలోచించింది. ఈ తల్లిని నమ్మి ఇక పొట్లం ఇవ్వలేమని, ఎవరైనా బాధ్యత గల మనిషి దగ్గర ఉంచి, రోజూ పిల్లను అక్కడికే పిలిపించి ఎదుటే తినిపించాలని అంది.

"నా దగ్గరుంచండి మేడమ్," అంది సుబ్బలక్ష్మమ్మ. "పాప మా వాకిట్లోనే పెరుగుతాంది గదా. నా మనవరాలి లెక్క చూసుకుంటా."

అందరూ చప్పట్లు కొట్టారు. భువనను సుబ్బలక్ష్మమ్మ ఒళ్లో కూర్చోబెట్టి, చేతికి పొట్లమిచ్చి, మేడమ్ ఫోన్లో ఫోటో తీసింది. ఆ ఒడి కొత్తై పిల్ల బిగుసుకుపోయింది. నవ్వమంటే నవ్వలేదు.

ఇంటికి పోయేటప్పుడు సుబ్బలక్ష్మమ్మ పొట్లాన్ని నాగలత చేతికిచ్చింది, బరువని. ఒక చంకలో బిడ్డ, ఒక చంకలో పొట్లం. ఎండ మాడుస్తోంది. ముందు పట్టుచీర గరగరలాడుతూ నడుస్తోంది.

"కర్నూలు ఇప్పుడేం పోతావులే. దసరా కానీ. ఇంటినిండా పని ఉండాది," అంది, వెనక్కి తిరక్కుండా.

వాకిట్లోకి అడుగుపెట్టగానే బాతుపిల్లలు కీచుకీచుమంటూ కాళ్లకు అడ్డం పడ్డాయి. పొద్దున్నుంచి మేత లేదు వాటికి. సుబ్బలక్ష్మమ్మ కుర్చీ లాక్కుని కూర్చుని, "కలుపుమే, పాపం ఆకలిగొన్నాయి," అంది.

నాగలత బిడ్డను నేల మీద దించి, పొట్లం చించి, గిన్నెలో పోసి, నీళ్లు కలిపింది. తియ్యటి వాసన లేచింది. భువన ఆ వాసనకు పాక్కుంటూ వచ్చి, బాతుపిల్లల మధ్య నుంచి గిన్నెలో చెయ్యి పెట్టింది. పుల్లలాంటి వేళ్లతో గుప్పెడు తీసింది.

కుర్చీ కిర్రుమంది.

నాగలత ఆ చిన్న చెయ్యి పట్టుకుని, వేళ్లు ఒక్కొక్కటే విప్పి, పిండిని గిన్నెలోకి రాల్చింది. తర్వాత ఆ చేతి మీద ఛెళ్లున కొట్టింది. భువన తల్లి మొహంలోకి చూసింది. ఏడవలేదు. అంటుకున్న పిండిని నాకడానికి ఆ చేతిని మెల్లగా నోట్లో పెట్టుకుంది.

"అట్ల భయం పెట్టాల," అంది సుబ్బలక్ష్మమ్మ.