లైనుకో ఫైలు

మా నాన్న సింహాచలానికి రాయగడలో మందుల హోల్‌సేల్ దుకాణం. సరుకు వ్యాను తిరిగే ఒక్కో దారినీ లైను అంటాం. గోదాములో ఏ లైను బీరువా ఆ లైనుదే: కొరాపుట్‌కొకటి, దామంజోడికొకటి, కల్యాణసింగ్‌పూర్‌కొకటి. అన్ని మందులూ అన్నింట్లోనూ ఉంటాయి. వ్యాను వచ్చాక వెతుక్కునే పని లేదు.

2008లో ఆ ఊళ్ల దుకాణదారులు ఆర్డర్లు పెట్టుకోవడానికి నేను వెబ్‌సైటు రాశాను. మొదట ప్రోగ్రామంతా ఒకటే ఫైలు. ఏడాది తిరిగేసరికి నాలుగు వేల వరసలైంది. ఒకచోట వేలు పెడితే ఇంకోచోట ఊడేది. ఎంసీఏ చదివిన మేధావిని కదా, విడగొట్టాను. ఎలాగంటారా? మా గోదాములాగే, లైనుకో ఫైలు. ఆర్డరు తీసుకునేదీ, సరుకు ఉందో లేదో చూసేదీ మూడింట్లోనూ అదే రాత, అచ్చం కాపీ.

నాన్న మురిసిపోయాడు. "ఇప్పుడు మన గోదాంలాగ ఉందమ్మి. ఎవుడిది ఆడికే."

ఒక సోమవారం కంపెనీ నుంచి ఫ్యాక్సు వచ్చింది. పిల్లల దగ్గుమందు ఒక బ్యాచ్‌లో మత్తు కలిగించే మందు ఎక్కువైందట, వెంటనే ఆపమన్నారు. మా దగ్గర సైటు తీసే ఆర్డరు చీటీలో లేనిది వ్యాను ఎక్కదు. అందుకని ముందు సైటులోనే ఆపాను. కొరాపుట్ ఫైలులో ఆపాను, దామంజోడి ఫైలులో ఆపాను. ఇంతలో ఎవరో ఫోను చేశారు. మాట్లాడి వచ్చి, అంతా అయిపోయిందనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం చీటీలు తిరగేస్తుంటే కల్యాణసింగ్‌పూర్ చీటీలో అదే మందు, అదే బ్యాచ్, ఆరు సీసాలు. వ్యాను పొద్దున్నే వెళ్లిపోయింది. సరుకు చూసే పని ఒక్క ఫైలులో పెట్టి, మిగతావన్నీ దాన్నే అడిగేలా రాసి ఉంటే ఒక్కచోట ఆపితే సరిపోయేది. ఆ ఊరి దుకాణానికి ఫోను కలపబోయాను.

"కంపెనీవోళ్లు ఇప్పుడే సెప్పేరని సెప్పీ. మన పేరు పోద్ది" అన్నాడు నాన్న.

"పోతే పోనీ నాన్నా!" అని అరిచాను.

అక్కడి దుకాణదారు అసిరయ్య నాలుగోసారికి దొరికాడు.

"బాబాయ్, ఆ దగ్గుమందు అమ్మకండి. తప్పు నాదే. ఎవులికైనా ఇచ్చేరా?"

"ఒక్కటే తీసేనమ్మి, మా మనవరాలు చిన్నుకి. వ్యాను రాగానే పట్టేం. ఏటయింది?"

"పిల్లేటి సేస్తంది?"

"పడుకుంది. ఇంకా లెగలేదు."

"లేపండి బాబాయ్! లెగకపోతే ఆస్పత్రికి పరిగెట్టండి!"

ఫోను బల్లమీద పెట్టిన చప్పుడైంది. ఇల్లు దుకాణం వెనకే. "చిన్నూ, లెగమ్మా" అంటున్నాడు అసిరయ్య. మళ్లీ అన్నాడు. మూడోసారి ఆయన గొంతు మారిపోయింది. నాన్న నా పక్కకొచ్చి రిసీవరుకు చెవి ఆనించాడు. పేరు సంగతి మళ్లీ ఎత్తలేదు.

అప్పుడు వినబడింది, ఏడుపూ కోపమూ కలిసిన గొంతు.

"నాను లెగను! పో తాతా!"

నేల మీద కూలబడి భోరుమన్నాను.