ఎదుటి గోడకు వెల్ల

కోడలు సేలియా కిటికీ అద్దం మీద సముద్రం బొమ్మ అతికించిన రోజు నుంచీ జుల్మీరాకు ఒళ్లు మండుతూనే ఉంది. నీలం నీళ్లు, పసుపు గొడుగు, ఇసుకలో ఎవరివో చెప్పులు. లిస్బన్‌లో నాలుగో అంతస్తు, రెండు మేడల మధ్య బావిలాంటి సందులోకి తెరుచుకునే ఒకే ఒక్క కిటికీ. దానికి సముద్రం దేనికో ఆమెకు ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

"బయట చూడ్డానికి ఏముందత్తయ్యా? పాచి పట్టిన గోడ, మురుగు గొట్టాలు, పావురాల రెట్ట. ఎవరైనా ఇంటికొస్తే సిగ్గేస్తోంది," అంది సేలియా.

"చూడ్డానికి ఎవరడిగారు? నాక్కావలసింది వెలుతురు. గోడ అందంగా ఉందా లేదా అని నా సూది అడగదు."

"లైటుంది కదా మరి."

పైగా ఆ బొమ్మ మీద దళసరి కర్టెన్ కూడా వేలాడదీసింది మహాతల్లి.

జుల్మీరాది రఫూ పని. చిరిగిన బట్టని అదే రంగు దారంతో, చిరుగు ఎక్కడుందో తొడుక్కున్నవాడికే తెలియనంతగా నేసి కలపాలి. నలభై ఏళ్లుగా ఆమె తిండీ పరువూ రెండూ అదే. ఆ పనికి పగటి వెలుతురు కావాలి. దీపం కింద ముదురు నీలానికీ నలుపుకీ తేడా కనిపించదు. ఈ సంగతి కొడుక్కీ కోడలికీ వందసార్లు చెప్పింది. గోడకి చెప్పినా ఈపాటికి వినేదేమో.

బుధవారం నాడు దర్జీ ఒనోరియో ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు. పోయిన నెల ఆమె బాగుచేసిన పాదిరీగారి నల్ల అంగీ తెచ్చి మంచం మీద పెట్టాడు.

"దోనా జుల్మీరా, మోచేతి దగ్గర గీత కొట్టొచ్చినట్టు కనబడుతోంది. ఆయన చర్చి మెట్ల మీద నిలబడి చెయ్యి ఎత్తితే చాలు, ఆడవాళ్లంతా ఆ గీతే చూస్తున్నారు. శనివారానికి సరిచెయ్యండి. కాదంటే ఇక వేరేవాళ్లని చూసుకుంటాను. మీ తప్పేం లేదు, వయసు ఎవరికైనా వస్తుంది."

అతను వెళ్లాక ఆమె అంగీని దీపం కిందకి లాగింది. నలుపు మీద నలుపు. గీతా లేదు, గాడిద గుడ్డూ లేదు. అబద్ధాలకోరు అనుకుంది. కానీ అతని మాట నిజమైతే? వీధిలోకి తీసుకెళ్లి చూద్దామంటే క్రిస్మస్ నుంచీ మోకాలు మెట్లు దిగనివ్వడం లేదు.

రాత్రి క్యాబేజీ సూప్ జుర్రుకుంటూ కొడుకు వాల్దెమార్ అన్నాడు: "చాల్లే అమ్మా. కళ్లు మసకలొచ్చాయని ఒప్పుకో. కిటికీ దగ్గరి నీ రఫూ బల్ల తీసేస్తే అక్కడ పెద్ద ఫ్రిజ్ పెట్టుకోవచ్చు."

నలభై ఏళ్ల పనితనం ఉన్నచోట ఫ్రిజ్. ఆమె చెంచా బల్ల మీద పెట్టేసి లేచి వెళ్లిపోయింది.

గురువారం పొద్దున వాళ్లిద్దరూ పనికి వెళ్లగానే కత్తెర తీసుకుని సముద్రాన్ని గీకేసింది. గొడుగు పోయింది, చెప్పులు పోయాయి. అయినా గది మసకగానే ఉంది. పైనుంచి దిగే కాస్త వెలుతురునీ, ఏటేటా పాచి ముదిరి నల్లబడిన ఎదుటి గోడ మింగేస్తోంది.

ఆమె పుట్టిన అలెంతేజూ పల్లెలో ప్రతి వసంతంలోనూ ఆడవాళ్లే ఇళ్లకి సున్నం కొడతారు. గోడ మాసిన ఇల్లాలి గురించి ఏడాదంతా చెప్పుకుంటారు. వంటింటికి వేసుకోమని చెల్లెలు బస్సులో పంపిన రాతిసున్నం సంచీ మంచం కిందే ఉంది, పల్లెటూరి కంపు అని సేలియా వెయ్యనివ్వలేదు. బక్కెట్లో నీళ్లు పోసి ముక్కలు వేసింది. సున్నం ఆమెలాగే బుసలు కొడుతూ ఉడికింది. అది చల్లారేదాకా ఆగింది గానీ తను చల్లారలేదు. కర్టెన్ ఊడబెరికి, ఆ కడ్డీకే కుంచె కట్టి, కిటికీలోంచి వంగి ఎదుటి గోడ మీద మొదటి పూత లాగింది.

ఆ గోడలోని చిన్న కిటికీ తెరుచుకుంది. పక్క మేడ గ్రాసియేత్ తల బయటపెట్టింది.

"ఏం తల్లీ, పిచ్చి పట్టిందా? అది మా గోడ."

"మీ గోడైతే మీరే చూసుకోండి. పదకొండేళ్లుగా నేను చూస్తున్నాను."

"నా దుప్పటి మీద చుక్క పడింది."

"తెల్ల దుప్పటేగా, కలిసిపోతుంది."

గ్రాసియేత్ దుప్పటి లోపలికి లాక్కుంది. తిట్టుకుంటూనే కాసేపు చూసింది. "అలా గోకుతావేం? పైనుంచి కిందకి లాగాలి. మా అమ్మ ఉంటే నీ చెయ్యి విరిచేది. ఆ పైముక్క వదిలేశావు."

"అందట్లేదు."

"ఆ కుంచె ఇలా తగలెయ్."

పాచిని తిట్టుకుంటూ, మేడల యజమానుల్ని తిట్టుకుంటూ, ఒకరి పూతని ఒకరు ఎద్దేవా చేసుకుంటూ సాయంత్రానికి బక్కెట్ ఖాళీ చేశారు.

సేలియా వచ్చి చూసి గుండెలు బాదుకుంది. "ఛీ, బూడిద రంగు. దీనికంటే ఆ పాచే నయం. నా కర్టెన్ కడ్డీతోనా పూశారు?"

వాల్దెమార్ నవ్వాడు. "నేను చెప్పలా? బూడిద రంగు ఆవిడ కంటికి తెలుపులా కనబడుతోంది."

సున్నం ఆరితే గాని తెల్లబడదు. ఏడేళ్లప్పుడు అమ్మమ్మ ఇంట్లో అతని చేతికి కుంచె ఇచ్చి ఆ మాట చెప్పింది జుల్మీరానే. పట్నం వాడి బుర్రలో అది ఎప్పుడో ఆరిపోయింది. విడమరిచి చెప్పబుద్ధి కాలేదు. "ఆరనివ్వరా," అని మాత్రం అంది.

శుక్రవారం ఆమె కళ్లు తెరిచేసరికి గది కొత్తగా ఉంది. ఎదుటి గోడ తెల్లగా మెరుస్తోంది. గొట్టాలు అక్కడే ఉన్నాయి, పావురాలూ ఉన్నాయి, కానీ వెలుతురు బల్ల మీదా, పరుపు మీదా, ఆమె చేతుల మీదా పడుతోంది. అంగీ అందుకుని కిటికీ దగ్గరికి నడిచింది.

మోచేతి కింద జానెడు పొడవున దారం. నలుపు కాదు, ముదురు నీలం.

ఒనోరియో చెప్పింది నిజమే. నలభై ఏళ్లలో చెయ్యని తప్పు చేసింది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. తర్వాత ఆ నీలాన్ని మళ్లీ చూసింది, పోగు పోగుగా, ఒక్కొక్క కుట్టునీ.

"వాల్దెమార్, ఇటు రా," అని కేకేసింది. "ఇక్కడేం కనబడుతోంది?"

అతను వచ్చి కిటికీకి అడ్డంగా నిలబడి, అంగీ మొహం దాకా తెచ్చుకున్నాడు. "ఏం కనబడట్లేదే. నల్లగా ఉంది, అంతే."

"నాకు కనబడుతోంది," అంది జుల్మీరా. అంగీ లాక్కుని కత్తెర తీసింది. "ఫ్రిజ్ నీ నెత్తిన పెట్టుకో. ముందు వెలుతురుకి అడ్డం జరుగు."