ఎనిమిది దాటని ఇండ్లు

గది తలుపుకు లోపల గడియ లేదు, బయట తాళం లేదు. అయినా అది తెరుచుకోలేదు.

"పప్పా, జల్దీ! నా బస్ పోతది!" లోపలినుంచి సంతోషి అరిచింది.

రాజనర్సు అప్పుడే రాత్రి షిఫ్టు దిగి వచ్చాడు. చెవుల్లో మగ్గాలు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నాయి. భుజం ఆనించి ఒక్క తోపు తోశాడు. తలుపు కిర్రుమని తెరుచుకుంది. దానితోపాటు దోసెడు పెచ్చులు అతని నెత్తిన రాలాయి. సంతోషి బయటికొచ్చి, దుపట్టా దులుపుకుంటూ పైకి చూసింది. అతనూ చూశాడు. చూడకుండా ఉంటే బాగుండేదనిపించింది.

తలుపు ఉబ్బలేదు. చౌకట్టు వంకర పోలేదు. పైనున్న స్లాబే కిందికి దిగుతోంది. గోడ మూలలో మొదలైన పగులు నిన్నటిదాకా ఫ్యాను కొక్కెం దగ్గరికి రాలేదు. ఇవాళ దాటి పోయింది.

"నేను గీ రూంల పండను," అంది సంతోషి.

"పండకు. హాల్ల పండు."

"హాల్ మీదున్నది గూడ గదే స్లాబ్ కదా పప్పా."

అమ్మాయి బస్సుకు పోయింది. రాజనర్సు ఆ మాట దగ్గరే నిలబడిపోయాడు.

సూరత్‌లోని గోడాదరా బస్తీలో ఈ ఇల్లు కట్టింది పరుశురాం. రాజనర్సు భార్య మంగకు సొంత తమ్ముడు. సిరిసిల్ల దిక్కునుంచి మగ్గం నడపడానికే సూరత్ వచ్చాడు. ఆ చప్పుడు పడక తాపీ పట్టాడు. తాపీ నుంచి మేస్త్రీ అయ్యాడు, మేస్త్రీ నుంచి బిల్డర్ సేఠ్ అయ్యాడు. ఒకే జాగాలో మూడు వరసల ఇండ్లు లేపాడు. ఇండ్లు ఎనిమిది దాటితే ప్రాజెక్టును రేరా చట్టం కింద సర్కారు దగ్గర నమోదు చేయించాలి. ప్లాన్లు చూపాలి, ఇంజనీరును పెట్టాలి, కొన్నవాళ్లకు జవాబుదారీగా ఉండాలి. అందుకని ఒక వరస తన పేర, ఒకటి భార్య పేర, ఇంకొకటి అత్త పేర పెట్టాడు. ఏ వరసా ఎనిమిది దాటలేదు. ప్రహరీ మాత్రం మూడింటికీ ఒక్కటే. బోరు ఒక్కటే, గేటూ ఒక్కటే.

అప్పుడెవరూ దాన్ని మోసం అనుకోలేదు. తెలివి అనుకున్నారు. "మనోడు గట్టోడు, సర్కారుకే టోపీ పెట్టిండు," అని చాయ్ బండి దగ్గర మురిసిపోయారు. కొన్నవాళ్లంతా మగ్గాల మీద బతికే పద్మశాలీలే. మనోడి దగ్గర నంబరేంది, నమోదేంది?

ఇక స్లాబు సంగతి. అదీ అందరికీ తెలిసిందే, ఎవరూ పైకి అనరు. స్లాబు పోశాక కింద నిలబెట్టిన సెంట్రింగు కర్రలు మూడు వారాలన్నా కదపకూడదు. పోసిన కొద్ది రోజులకే మూఢాలు దగ్గరపడ్డాయి. మూఢాల్లో గృహప్రవేశాలు ఉండవు. అవి పోయేదాకా ఇరుకు కిరాయి గదుల్లోనే మగ్గాలి. ఆడవాళ్లంతా పరుశురాం మీద పడ్డారు. అందరికన్నా ముందు మంగ. "తమ్మీ, కర్రలు తీపియ్యిరా, పాలు పొంగిచ్చుకుంటం," అంది. తమ్ముడు సరేనన్నాడు. కర్రలు దిగాయి. పచ్చి స్లాబుల కింద మూడు వరసల్లోనూ ఒకే పొద్దున పాలు పొంగాయి.

మధ్యాహ్నం పరుశురాం వచ్చాడు. తెల్ల కారు దిగి, చెప్పులు బయట విడిచి, పగులు కింద నిలబడ్డాడు. ఎక్కువసేపు నిలబడలేదు.

"ఏం గాదు బావా. ప్లాస్టర్ జారింది. మనిషిని పంపిస్త, పూత పెట్టిపోతడు."

"పూత పెడితే పగులు కనపడదు. స్లాబ్ ఆగుతదా?"

"నువ్వెప్పుడు ఇంజనీర్‌వి అయినవ్ బావా?"

"నువ్వెప్పుడైనవ్‌రా?"

పరుశురాం నవ్వాడు. నవ్వు అయిపోయాక కూడా పళ్లు కాసేపు బయటే ఉన్నాయి.

"స్లాబ్ పడగొట్టి మళ్ల పొయ్యి," అన్నాడు రాజనర్సు. "నాదొక్కటే కాదు, మూడు వరసలది గిదే కథ."

"నన్ను అమ్మినా కాదు బావా."

"అయితే రేరాల కంప్లయింట్ ఇస్త. మొన్ననే అడాజన్ దిక్కున ఒక వకీల్‌ని కలిసిన. నమోదు చెయ్యకున్నా ఇయ్యొచ్చంట. మూడు వరసలు ఒక్కటే ప్రాజెక్ట్ అని చూపెట్టాలె. వరసకు ఒక్కలన్నా సంతకం పెట్టాలె."

"ఇయ్యి." పరుశురాం గొంతు తగ్గించాడు. "సెంట్రింగ్ ఎందుకు తీసినవని నన్నడుగుతరు గదా? మా అక్క తీపిచ్చిందని చెప్త. పాలు పొంగిచ్చిన ఫోటోలు నా ఫోన్ల ఉన్నయి. అక్కను నిలబెడ్తవా, పదిమంది ముందట?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి మంగ చాయ్ తెచ్చింది. తమ్ముడి చేతికి కప్పు ఇచ్చింది. మొహం మాత్రం చూడలేదు.

రాజనర్సుకు కోపం రావాలి. రాలేదు. రాత్రంతా మగ్గాల మధ్య నిలబడ్డ మనిషికి కోప్పడటం కూడా ఒక పనే.

ఆదివారం పొద్దున మార్కండేయ గుడి హాల్లో పద్మశాలీ సంఘం కూర్చుంది. పెద్దమనిషి శ్యాంసుందర్. ఆయన పక్క కుర్చీలో పరుశురాం. హాలుకు బండలు పరిపించింది అతనే కాబట్టి ఆ కుర్చీ ఎప్పుడూ అతనిదే.

"ఇంటి గుట్టు బజార్ల పెట్టుకుంటమా?" అన్నాడు శ్యాంసుందర్. "మనోడు కట్టిండు, మనమే సదురుకుందాం. ఇండ్లు మంచిగనే ఉన్నయని పరుశురాం దేవుని ముందట ప్రమాణం చేస్తడు. ఇగ లొల్లి బందు."

"ప్రమాణం చేస్తే పగులు మూసుకుంటదా కాకా?" వెనకనుంచి సంపత్ అన్నాడు. రెండో వరసలో అతని ఇల్లు. "గట్లయితే సిమెంట్ ఎందుకు, రోజుకొక్క ఒట్టు పెట్టిపిద్దాం!"

హాలు గొల్లుమంది. పరుశురాం లేచాడు.

"సంపతన్నా, మూఢాలొస్తున్నయ్, కర్రలు జల్ది తియ్యిమని మీ ఇంట్ల అన్నరా లేదా?"

సంపత్ నవ్వు ఆగింది.

"అడగనోళ్లు ఎవలన్నా ఉంటే లేవుండ్రి," అన్నాడు పరుశురాం. చుట్టూ చూశాడు. ఒక్కరూ లేవలేదు. "మీరే తీపిచ్చుకున్నరు. గిప్పుడు నా మీదికి సర్కారును తెస్తరా?"

అంతే. అయిపోయిందనుకున్నాడు రాజనర్సు. జేబులో కంప్లయింటు కాగితం నలిగిపోతోంది. ఇంటికి పోయి పడుకుందామనిపించింది. ఏ ఇంటికి? ఆ స్లాబు కిందికే.

"నేను అడిగిన."

ఆడవాళ్ల వైపునుంచి మంగ లేచి నిలబడింది.

"అందరికన్న ముందు నేనే అడిగిన తమ్మీ. మూఢాల భయానికి అడిగిన. జరమొచ్చిన పిల్ల ఐసుగోళా కావాలంటది. అడిగింది గదా అని డాక్టర్ ఇస్తడా?"

"నేను డాక్టర్‌ను కాదక్కా."

"గదే అంటున్న. కాదు. గా జాగల ఇంజనీరొకడు ఉండాలె. 'నీ మూఢాలతోని నాకేం పని, కర్ర ముట్టుకుంటే చెయ్యి ఇరగ్గొడ్త' అని నన్ను తిట్టెటోడు. నువ్వు నా తమ్మునివి, నన్నెట్ల తిడ్తవ్? తిట్టెటోడు రావద్దనే కదా గీ మూడు వరసలు చేసినవ్?"

పరుశురాం శ్యాంసుందర్ వైపు చూశాడు.

"మంగా, తోడబుట్టినోని మీద..." శ్యాంసుందర్ అందుకోబోయాడు.

"తోడబుట్టినోడు గనుకనే గింత నమ్మిన కాకా. పరాయోడైతే సవాలక్ష అడిగెదాన్ని." ఆమె భర్త దగ్గరికొచ్చి చెయ్యి చాపింది. "కాయిదం తియ్యి."

"అక్కా," పరుశురాం ఒక్కడుగు ముందుకేశాడు. "సంతకం పెడితే ఇగ నా గడప తొక్కకు."

"ఎరుకే," అంది మంగ. బండల మీద కూర్చుని, కాగితం మోకాలి మీద పెట్టుకుని, ఒక్కొక్క అక్షరం దిద్దింది.

మొదటి వరస అయింది. రెండో వరసకు సంపత్ పెట్టాడు. మూడో వరసవాళ్లు చెప్పులు వెతుక్కుంటున్నారు. సగంమంది అప్పటికే గేటు దాటారు. రాజనర్సు కాగితం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు, ఎవర్నీ బతిమాలలేదు. ఆ ఓపిక లేదు.

భూదేవి అతన్ని దాటి పోయింది. మూడో వరస చివరింటి మనిషి. ఆమె ఇంట్లో ముసలి అత్త మంచం సరిగ్గా పగులు కిందే ఉంటుంది. గేటుదాకా వెళ్లి, వెనక్కి వచ్చింది. పరుశురాం వైపు చూడకుండా అన్నది.

"అన్నా, నేను గూడ అడిగిన. అడిగినమని గూడ రాసుకో. ఎక్కడ పెట్టాలె?"

కంప్లయింటు వెళ్లింది. కర్రలు తీయమని తామే అడిగిన ముచ్చట కూడా వకీలు అందులో రాశాడు. రాయకపోతే అవతలివాడు రాస్తాడన్నాడు. విచారణ ఎప్పుడో తెలియదు. స్లాబు మళ్లీ పోస్తారో లేదో అంతకన్నా తెలియదు. నమోదైన ప్రాజెక్టయితే దారి కొంచెం దగ్గరయ్యేదన్నాడు వకీలు. రాజనర్సు తల ఊపి వచ్చేశాడు.

ఆ వారమే ఇల్లు ఖాళీ చేశారు. గోడాదరాలోనే, రెండు గల్లీల అవతల, పాత మేడ మీద ఒక్క గది దొరికింది. సామాను ఎక్కించేసరికి సాయంత్రమైంది. మంగ చాప పరిచింది. సంతోషి నడుం వాల్చి పైకి చూస్తూ పడుకుంది.

"పప్పా, గీ స్లాబ్ ఎవలు పోసిండ్రు?"

"పండుకో బిడ్డా. పాత బిల్డింగ్. ఇన్నేండ్లు ఆగింది."

"అడిగినవా?"

రాజనర్సు అప్పుడే మోకాళ్లు ముడిచి కూర్చోబోతున్నాడు. ఆగాడు. మంగ అతనివైపు చూసింది. అతను గోడ పట్టుకుని లేచి, చెప్పులేసుకుని, ఇంటి ఓనరును అడగడానికి మెట్లు దిగాడు.